లోపల అని రాయక్కర్లేదు

హిల్పా రాసానెన్ ఇరవై ఆరేళ్ళపాటు ఫ్యాక్టరీ వంటింటి కిటికీ వెనక నిలబడి పళ్ళేలు నింపింది. ఇరవై ఏడో ఏట ఆ వంటిల్లు మూసేశారు. లారీలో ప్లాస్టిక్ డబ్బాల్లో వచ్చే భోజనం చవకట. పనివాళ్ళు రెండు రోజులు మొహాలు మాడ్చుకుని, మూడో రోజుకి డబ్బా మూత ఎలా తియ్యాలో నేర్చుకున్నారు. కైవోలహ్తి ఊళ్ళో నిరసన అంటే అంతవరకే.

యాభై మూడేళ్ళ హిల్పాకి ఉపాధి కార్యాలయం వాళ్ళు ఒక చిట్టా చూపించారు. వాళ్ళ ఖర్చుతో ఏడాదిపాటు ఏదో ఒక కొత్త పని నేర్చుకోవచ్చు. పైన వెల్డింగు, దాని కింద ముసలివాళ్ళ సేవ, అన్నిటికన్నా అడుగున యంత్రాల మీది కంప్యూటరు తెరలకి కోడ్ రాయడం ఉన్నాయి. వెల్డింగుకి తన కళ్ళు సరిపోవు. ముసలివాళ్ళ సేవ ఇంట్లో మొగుడికి ఎలాగూ చేస్తోంది. అందుకని అడుగుదాని మీద గీత పెట్టింది. అక్కడి ఉద్యోగిని "నిజంగానా?" అని రెండుసార్లు అడిగింది. మూడోసారి అడిగుంటే ఈవిడ మనసు మార్చుకునేదే. అడగలేదు, మంచిదైంది.

ఏడాది చదువయ్యాక హిల్పా అదే ఫ్యాక్టరీకి, ఈసారి మేడ మీదికి, వచ్చింది. కింద షెడ్లలో తయారయ్యేవి చెట్లు కోసే యంత్రాలు. చెట్టుని మొదట్లో పట్టుకుని కోసి, అడ్డంగా పడుకోబెట్టి, కొమ్మలు చెక్కి, కొలిచి, ముక్కలు చేసి పడేస్తాయి. నడిపేవాడి ముందు భోజనం ట్రే అంత తెర ఉంటుంది. ఏ కొలతకి కొయ్యాలి, నూనె ఎంత కాగింది, గొలుసు ఎంత బిగుతుగా ఉంది అన్నీ దాని మీదే చూసుకోవాలి. అలాంటి తెరలు నలభై ఎనిమిది. వాటిని చూసుకునే వాళ్ళు ఇద్దరే. ఒకరు హిల్పా, రెండోవాడు తైస్తో హుక్కానెన్.

ఉద్యోగం ఇచ్చారు గానీ ఆరు నెలలు పరీక్షాకాలం అన్నారు. మార్చి రెండో శుక్రవారంతో అది పూర్తవుతుంది. ఈలోగా నచ్చకపోతే పంపేయొచ్చు, కారణం కూడా పెద్దగా చెప్పక్కర్లేదు. ఈ ఊళ్ళో యాభై నాలుగేళ్ళ ఆడమనిషికి ఇంకో ఉద్యోగం దొరకదని అందరికీ తెలుసు. హిల్పా భయం మాత్రం అది కాదు. ఆమెకి ఆ పని మీద మనసు పడిపోయింది. రాత్రి పడుకున్నప్పుడు కూడా తెర మీది గడుల్ని ఇటు జరపనా, అటు జరపనా అని ఆలోచించుకుంటూ నవ్వుకునేది. ఇన్నేళ్ళకి దొరికింది, ఇది పోతే ఎలా అన్నదే ఆవిడ బెంగ.

ఆ పనిలో ఆమెకి అంతగా నచ్చిన సంగతి ఒకటుంది. ఈ రకం కోడ్‌లో ఏది ఎలా చెయ్యాలో రాయరు, ఏమేమి ఉండాలో రాస్తారు. ఇక్కడ ఒక మీట, దాని పక్కన ఒక గడి, ఆ కింద ఒక అంకె అని చెబితే చాలు, గియ్యడం కంప్యూటరు చూసుకుంటుంది. "వంట చేసే పద్ధతి కాదు, వడ్డించిన పళ్ళెం ఎలా ఉండాలో చెప్పడం" అని హిల్పా మొగుడు అహ్తికి వివరించింది. అహ్తి బడి బస్సు నడుపుతాడు. అంతా విని, "అయితే తినేదేముంది?" అన్నాడు.

నచ్చని సంగతి కూడా ఒకటి ఉంది. దానికి కారణం తైస్తో.

తైస్తోకి అరవై ఒకటి. తొమ్మిదేళ్ళ కిందట అన్ని తెరలకీ పనికొచ్చే చట్రం ఒకటి తనే రాశాడు. పైన తెర పేరు, మూలన గడియారం, మధ్యలో వేలితో పైకీ కిందకీ జరుపుకునే ఖాళీ జాగా. మంచి చట్రమే, ఎవరూ కాదనరు. కానీ ఆ ఖాళీలో ఏం పెట్టాలన్నా ముందు "లోపల" అని దాని పేరు రాసి, రెండు చుక్కలు పెట్టి, చదరపు కుండలీకరణం తెరిచి, ఒక్కో వస్తువుకీ మధ్య కామా వేసుకుంటూ పోయి, చివర్న కుండలీకరణం మూయాలి. ఒక్క కామా మరిచిపోతే తెర మొత్తం తెల్లగా నిలబడుతుంది. మొదటి రెండు నెలల్లో హిల్పా తెల్ల తెరలు ఎన్ని చూసిందంటే, కిటికీలోంచి మంచు చూసినా కామా ఎక్కడ పోయిందా అనిపించేది.

తైస్తో వెనక గోడ మీద ఒక కాగితం అంటించి ఉంది. "చెప్పకుండా ఏదీ పెట్టరాదు." అదే అతని సిద్ధాంతం. కోడ్‌లోనే సుమా. మామూలుగా అతను రోజంతా కలిపి పదిహేను మాటలు మాట్లాడితే ఎక్కువ. హిల్పా రాసినదాన్ని చదివి, బాగుంటే "చూశాను" అంటాడు. బాగా లేకపోయినా ముందు "చూశాను" అనే అంటాడు, కాకపోతే ఆ తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు.

ఫిబ్రవరిలో ఒక రోజు పొద్దున తొమ్మిది గంటల కాఫీకి హిల్పా యాలకుల బన్నులు చేసి తెచ్చింది. తైస్తో రెండోది అందుకుంటుండగా పళ్ళెం కాస్త తన వైపుకి లాక్కుంది.

"తైస్తో, చట్రంలో లోపల అని ఉంది చూడు, ఆ వరస ముందు ఒక్క మాట పెడదాం."

"ఏం మాట?"

"డిఫాల్ట్. అది పెడితే చట్రం మధ్యలో ఊరికే రాసినవన్నీ వాటంతటవే లోపలికి పోతాయి. లోపల అని రాయక్కర్లేదు, కుండలీకరణం అక్కర్లేదు, కామాలు అక్కర్లేదు. నలభై ఎనిమిది తెరల్లోనూ ఆ చెత్తంతా తీసి పారేయొచ్చు."

"తెలుసు. డిఫాల్ట్ ప్రాపర్టీ."

"తెలిస్తే ఎందుకు పెట్టలేదూ?"

"ఎక్కడికి పోవాలో చెప్పకపోతే ఎక్కడికి పోతుందో ఎవడికి తెలుసు?"

"చట్రానికి తెలుసు. ఒకసారి చెబుతాంగా!"

"చదివేవాడికి తెలియదు."

హిల్పా బల్ల మీద రెండు మోచేతులూ ఆనించింది. వంటింట్లో ఎవరైనా పులుసులో ఉప్పు తక్కువైంది అన్నప్పుడు కూడా సరిగ్గా ఇలాగే ఆనించేది.

"ఇరవై ఆరేళ్ళు నా కిటికీ దగ్గరికొచ్చావా లేదా?"

"వచ్చాను."

"వచ్చి ఏమనేవాడివి?"

తైస్తో ఆలోచించాడు. "ఏమీ అనేవాణ్ణి కాదు."

"ఒక్క ముక్క అనలేదు. గుడ్ మార్నింగ్ కూడా లేదు. మరి బంగాళాదుంపలు నీ పళ్ళెంలోకి ఎలా వచ్చాయి?"

"నువ్వు పెట్టేదానివి."

"పళ్ళెంలోనే పెట్టానా, నీ టోపీలో పెట్టానా?"

"పళ్ళెంలో."

"నువ్వు చెప్పకుండానే! ఊరికే నిలబడ్డవాడికి బంగాళాదుంపలూ, పైన పులుసూ. పాలు పడనివాడు చెప్పేవాడు, క్యారెట్ తురుము విడిగా కావాలన్నవాడు చెప్పేవాడు. మిగతా వాళ్ళు నోరు తెరవకుండా తిన్నారు. ప్రతివాడూ వచ్చి, అమ్మా, నా పళ్ళెం లోపల, రెండు చుక్కలు, కుండలీకరణం, బంగాళాదుంప, కామా, ఇంకో బంగాళాదుంప అని మొదలెట్టి ఉంటే మీలో సగం మంది వరసలోనే ఆకలికి పోయేవాళ్ళు."

పక్క బల్ల దగ్గర కూర్చున్న ఓయివా కాఫీ మింగలేక దగ్గాడు. అతను కొత్త యంత్రాల్ని ఫ్యాక్టరీ వెనక అడవిలో నడిపి చూసే మనిషి. తైస్తో మాత్రం నవ్వలేదు. పళ్ళెం తన వైపుకి జరుపుకుని రెండో బన్ను తీసుకున్నాడు.

హిల్పా ఆ మార్పు రాసి అతనికి పంపింది. అతను మూడు రోజులు ఏమీ అనలేదు. నాలుగో రోజు హిల్పా కంప్యూటరు తెరిచేసరికి ఆమె పంపిన మార్పు కింద అతని సంతకం ఉంది, పక్కన "చూశాను" అని. ఈసారి కుర్చీ లాక్కోలేదు. హిల్పాకి లేచి గెంతాలనిపించింది. మేడ మీద గెంతితే కింద షెడ్డులో వినపడుతుందని ఊరుకుంది.

చట్రంలో చేర్చింది ఒకే ఒక్క మాట. ఆ తర్వాత నాలుగు రోజులు నలభై ఎనిమిది ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరిచి "లోపల" తీసి, కుండలీకరణాలు తీసి, కామాలు తీసి, మిగిలిన వరసల్ని ఎడమకి జరిపింది. చేప పొలుసు తీస్తున్నంత సుఖంగా ఉంది ఆ పని. ముందు ఏది మీటో ఏది కామానో తెలియకుండా ముడుచుకుని ఉన్న ఫైలు, ఆవిడ చెయ్యి పడ్డాక పైనుంచి కిందకి చదువుకునేలా అయింది. చట్రం, దానిలో మీట, దానిలో గడి, అంతే. ప్రతి తెరా ఒకసారి తెరిచి చూసింది. అన్నీ ముందెలా ఉన్నాయో అచ్చం అలాగే ఉన్నాయి.

"నాలుగు రోజులుగా ఏం చేస్తున్నావ్?" అన్నాడు అహ్తి, ఇంట్లో రాత్రి భోజనం దగ్గర.

"తెరలన్నీ మార్చాను."

"ఇప్పుడెలా ఉన్నాయి?"

"ముందున్నట్టే."

అహ్తి సూపు చెంచా కింద పెట్టాడు. "జీతం ఇస్తున్నారుగా?"

"నీకు చెప్పినా ఒకటే, బస్సుకి చెప్పినా ఒకటే" అంది హిల్పా. కానీ ఆ వారమంతా ఆమె కాలు నేల మీద నిలవలేదు. పరీక్షాకాలం అయిపోవడానికి ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి. ఇంత చక్కటి పని చేశాక ఎవరైనా పంపేస్తారా అనుకుంది.

పరీక్షాకాలం చివరి వారం. గురువారం మధ్యాహ్నం, అందరూ బఠాణీల సూపు డబ్బాలు ఖాళీ చేసి పని మొదలెట్టిన వేళ, ఓయివా మేడ మెట్లెక్కి వచ్చాడు. బూట్లతో వచ్చాడు. ఈ ఊళ్ళో బూట్లు విప్పకుండా ఎవరూ గదిలో అడుగు పెట్టరు. అతని బూట్ల నుంచి మంచు కరిగి నేలంతా చెరువవుతుంటే అందరూ లేచి నిలబడ్డారు.

"నూనె తొంభై డిగ్రీలు దాటింది. తెర మీద హెచ్చరించే ఎర్ర పట్టీ రాలేదు" అన్నాడు ఓయివా.

"మరి ఎలా కనిపెట్టావ్?" అంది మెర్వి. ఆవిడ ఆ విభాగం పెద్ద.

"వాసన. ఆపేసి దిగాను. ఏం కాలేదులే."

ఓయివాకి ఆ ముక్కు ఉంది గనక సరిపోయింది. కొత్త చోదకుడైతే పంపు కాలిపోయేదాకా నడిపేవాడు. నలుగురూ పక్క గదిలోని నకిలీ కుర్చీ దగ్గరికి వెళ్ళారు. అసలు యంత్రంలో ఉన్న కుర్చీ, మీటలు, తెర అన్నీ అక్కడ ఉంటాయి, యంత్రం ఒక్కటే ఉండదు. తైస్తో నూనె వేడిని తొంభై ఐదుకి పెట్టాడు. తెర మీద ఎరుపు జాడ లేదు. హిల్పా వేలితో తెరని పైకి జరిపింది, ఇంకా జరిపింది. అన్ని మీటలూ అన్ని గడులూ దాటాక, ఎవరూ ఎన్నడూ చూడని అడుగున, ఎర్ర పట్టీ బుద్ధిగా వెలిగి ఆరుతూ కూర్చుని ఉంది.

ఎందుకలా అయిందో ఆమెకి అర్థం కావడానికి అరనిమిషం కూడా పట్టలేదు. పట్టీని రాసినవాళ్ళు దానికి ఏ చోటి పేరూ చెప్పకుండా చట్రంలో ఊరికే పెట్టేశారు. పాత పద్ధతిలో అలా పెట్టింది చట్రానికి పైన, అన్నిటినీ కప్పుతూ అతుక్కునేది. అందుకే ఇన్నాళ్ళూ పట్టీ అన్నిటికన్నా మీద కనబడేది. ఇప్పుడు హిల్పా చేర్చిన మాట పుణ్యమా అని, పేరు చెప్పనివన్నీ లోపలికి పోయినట్టే అదీ లోపలికి పోయి వరసలో చివర్న నిలబడింది. తెరలన్నీ తెరిచి చూసినప్పుడు నూనె చల్లగా ఉంది, పట్టీ వెలగలేదు, ఆమె కంట పడలేదు.

తైస్తో ఆ ఫైలు తెరిచాడు. పట్టీ ముందు ఏ పేరూ లేదు. రాసిన తేదీ తొమ్మిదేళ్ళ నాటిది. అప్పుడు ఆ గదిలో కోడ్ రాసేవాడు ఒక్కడే. గోడ మీద కాగితం ఎవరిదో ఆ ఒక్క వరసా వాడిదే. హిల్పా చూసింది. తైస్తో చెవులు ఎర్రబడ్డం కూడా చూసింది. ఇంకొకత్తె అయితే ఆ క్షణాన్ని వదిలేదా? పదేళ్ళు చెప్పుకునేది. హిల్పాకి ఆ ఊసే తోచలేదు. ఆమెకి రేపటి శుక్రవారం తప్ప ఇంకేమీ కనపడటం లేదు.

"తప్పు నాది. వేడి చేసి చూసి ఉండాల్సింది. చూడలేదు" అంది.

మెర్వి తల ఊపింది. తైస్తో ఏమీ అనలేదు. ఓయివా అప్పుడు తన బూట్ల వంక చూసుకుని గబగబా మెట్లు దిగి పోయాడు.

శుక్రవారం పొద్దున ఆరింటికే హిల్పా వచ్చి కూర్చుంది. డిఫాల్ట్ అన్న మాటని పీకేయడం ఒక్క నిమిషం పని. కానీ తప్పు ఆ మాటది కాదు. చట్రానికి ఇంకో చోటు చేర్చింది, దానికి "మీద" అని పేరు పెట్టింది. రోజువారీ మీటలూ అంకెలూ చెప్పకుండానే లోపలికి పోతాయి. ప్రాణం మీదికొచ్చే హెచ్చరికని మాత్రం పేరు పెట్టి మీద అని చెప్పి మరీ పెట్టాలి. తర్వాత నలభై ఎనిమిది తెరల్నీ నూనె కాగబెట్టి, గొలుసు తెంపి, ఇంధనం ఎండగట్టి, తలుపు తెరిచి, ఎన్ని ఆపదలు తోస్తే అన్నీ తెచ్చిపెట్టి చూసింది. ఇంకెక్కడా ఏదీ దాక్కుని లేదు. మార్పు పంపింది. మూడింటికి ఓయివా అడవిలోంచి ఫోన్ చేసి "ఎర్రగా ఉంది" అని పెట్టేశాడు.

ఇక మిగిలింది వాళ్ళు పిలిచి చెప్పడమే. ఉంచుతారో, పంపుతారో. మెర్వి ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతూ ఉండిపోయింది. నాలుగింటికి కోటు తొడుక్కుంటూ హిల్పా బల్ల పక్కనుంచి వెళ్తూ చెయ్యి ఊపింది. తైస్తో కోటు వేసుకున్నాడు, టోపీ పెట్టుకున్నాడు, వచ్చి హిల్పా బల్ల ముందు నిలబడ్డాడు. నోరు తెరిచాడు. మూశాడు. "హ్మ్" అని వెళ్ళిపోయాడు.

ఆ హ్మ్‌ని హిల్పా శని, ఆదివారాలు రెండూ నములుతూనే ఉంది. నిన్న మొన్న పుట్టిందా, ఈ మనుషుల మధ్యే కదా పెరిగింది, వీళ్ళ మౌనాలు ఆవిడకి అక్షరమాల. పిల్ల పుట్టిన మౌనం వేరు, పీనుగ లేచిన మౌనం వేరు, చేపలు పడని మౌనం వేరు. ఇది మాత్రం వీటిలో ఏదీ కాదు. కోపమేనని తేల్చుకుంది. మొహం మీద పొమ్మనలేక ఊరుకున్నారు.

శనివారం మధ్యాహ్నం ఆవిరిగదిలో పై బల్ల మీద మొగుడి పక్కన కూర్చుని మొత్తం చెప్పింది. బంగాళాదుంపల దగ్గర్నుంచి హ్మ్ దాకా. చెబుతుంటే ఏడుపొచ్చింది. అక్కడ అందరి మొహాలూ తడిగానే ఉంటాయి కాబట్టి అహ్తికి తెలియదనుకుంది.

"పరీక్షాకాలం నిన్నటితో అయిపోయింది. ఒక్కళ్ళూ ఏమీ అనలేదు అహ్తీ."

అహ్తి చాలాసేపు ఆలోచించాడు.

"ఇంకో గరిటె నీళ్ళు పొయ్యనా?"

"పొయ్యి" అంది హిల్పా. అతను పోశాడు. వేడి రాళ్ళు బుస్సుమన్నాయి. అతని చెయ్యి వచ్చి ఆమె మోకాలి మీద ఆగింది, ఆవిరి తగ్గేదాకా అక్కడే ఉంది. దానితో ఆమెకి కొంత తేలికైంది.

సోమవారం పొద్దున హిల్పా ఉన్ని చెప్పులు తొడుక్కోకుండా మేజోళ్ళతోనే నేరుగా మెర్వి గదిలోకి వెళ్ళి, ఫ్యాక్టరీ తలుపు తాళం చెవి బల్ల మీద పెట్టింది. మెర్వి దాని వంక చూసింది.

"ఏంటిది?"

"తాళం చెవి."

"పని చెయ్యట్లేదా? కింద స్టోర్లో ఇవ్వు, ఇంకోటిస్తారు."

"పని చేస్తోంది."

"మరి?"

"శుక్రవారంతో పరీక్షాకాలం అయిపోయింది" అంది హిల్పా.

"అవును, అయిపోయింది."

"మీరేం చెప్పలేదు."

"ఏం చెప్పాలి?" మెర్వికి నిజంగానే అర్థం కాలేదు. "పంపేయాలనుకుంటే చెబుతాం. ఏమీ చెప్పకపోతే ఉద్యోగం అలా నడిచిపోతుంది, అంతే. నీ కాగితంలో కూడా రాసుంది కదా. చదవలేదా?"

చదివింది. ఆరు నెలల కిందట చదివింది, ఆ ముక్క కళ్ళ ముందునుంచే పోయింది. వంటింట్లో చేరిననాడు కాగితాలూ లేవు, పరీక్షాకాలమూ లేదు, పాత వంటావిడ ఏప్రాన్ మీదికి విసిరి, ఉల్లిపాయలు అక్కడున్నాయి అంది. హిల్పా పక్కనున్న కుర్చీలో కూలబడింది. రెండు రోజుల బెంగ ఒక్కసారిగా జారిపోయింది. దాని వెనకే కోపం పొంగుకొచ్చింది.

తలుపు దగ్గర తైస్తో నిలబడి ఉన్నాడు. హిల్పా బల్ల ఖాళీగా ఉందని చూసి వచ్చినట్టున్నాడు. మెర్వి అతని వైపు తిరిగింది.

"హిల్పా వెళ్ళిపోవాలేమో అనుకుందట. నువ్వైనా చెప్పలేదా? బుధవారం నాడే నాకు రాసిచ్చావుగా, ఉండాల్సిందేనని."

"నువ్వు చెప్పావనుకున్నా" అన్నాడు తైస్తో.

"నువ్వు చెప్పావని నేననుకున్నా."

"చెప్పడానికేముంది? ఉంటుంది గదా."

హిల్పా లేచింది. "ఏముందా? రెండు రోజులు అన్నం నిద్రా లేకుండా చచ్చాను. ఆ గోడ మీద కాగితం అంటించుకుని కామాల కోసం నన్ను చంపుతావు గదా, మనిషికి ఒక మాట చెప్పాలని తెలియదా నీకు? ఇరవై ఆరేళ్ళు నువ్వు నోరు తెరవకపోయినా పళ్ళెం నింపాను. అది బంగాళాదుంపలు, సరిపోయింది. ఇది నా బతుకు. ఇది ఊరికే అర్థం చేసుకోమంటే కుదరదు. నోరు తెరిచి చెప్పు."

మెర్వి కాగితాల వంక చూడటం మొదలెట్టింది. తైస్తో టోపీ లేని తలని తడుముకున్నాడు. కట్టెలు కొట్టేవాడు గొడ్డలి ఎత్తే ముందు పీల్చుకున్నట్టు గాలి పీల్చుకున్నాడు.

"ఉండు."

"ఎవరు?"

"నువ్వు. హిల్పా."

"ఎక్కడ?"

"ఇక్కడ. తెరల దగ్గర." ఇంకోసారి గాలి పీల్చుకున్నాడు. "నాతో. నేను రిటైరయ్యాక నువ్వే చూసుకోవాలి. ఇంకెవరికీ ఇవ్వను."

హిల్పా కళ్ళు నిండాయి. తైస్తో ఇంకా వెళ్ళలేదు. ఆ రోజుకి అతని మాటలన్నీ అయిపోయి ఉండాలి, కానీ ఇంకా నిలబడే ఉన్నాడు. చెవులు గురువారం నాటికన్నా ఎర్రగా ఉన్నాయి.

"ఆ పట్టీ నాది" అన్నాడు. "పేరు చెప్పకుండా పెట్టింది నేను. గురువారం నువ్వు తప్పు నాది అంటే ఊరుకున్నాను. శుక్రవారం చెబుదామని నీ బల్ల దగ్గరికొచ్చాను, నోరు రాలేదు. రెండు రోజులు నాకూ నిద్ర లేదు."

మెర్వి తల ఎత్తి చూసింది. తొమ్మిదేళ్ళలో తైస్తో ఒకే ఊపులో ఇన్ని మాటలు మాట్లాడటం ఆవిడ వినలేదు. హిల్పా ముక్కు చీదుకుని, బల్ల మీది తాళం చెవి తీసుకుని జేబులో వేసుకుంది. తైస్తో పక్కకి తప్పుకుని తలుపు పట్టుకున్నాడు, ఆమె ముందు నడిచింది. మేజోళ్ళ కాళ్ళకి నేల చల్లగా తగులుతోంది. కళ్ళలో నీళ్ళు తుడుచుకోవాలని కూడా ఆమెకి అనిపించలేదు.